ఘంటసాల గీత బ్రతికున్నవారి కోసం

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు గానం చేసిన భగవద్గీతకు మన తెలుగునాట ఒక విచిత్రమైన గతి పట్టింది. ఆ కంఠం మైకులో వినిపించగానే వీధిలోని వారు అడిగే మొదటి ప్రశ్న "ఎవరు పోయారు?" అన్నదే. మరణం సంభవించిన ఇంటి ముందు, శవవాహనం పైన, శ్మశానం దారిలో తప్ప మరెక్కడా ఆ రికార్డును వినని తరం ఒకటి పెరిగి పెద్దదైంది. ఇది ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా అని నా అభిప్రాయం.

ఘంటసాల గారు ఆరోగ్యం దెబ్బతిన్న చివరి రోజులలో ఈ గీతను పాడారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్ల వయస్సులో కన్నుమూశారు. రికార్డు ఆ తర్వాతనే ప్రజల చేతికి వచ్చింది. ఏడు వందల శ్లోకాలలో సుమారు వంద ఎంచుకుని, శ్లోకం పాడి, వెంటనే తెలుగు తాత్పర్యం తానే చెప్పడం వలన సంస్కృతం రానివారికి సైతం గీత ఇంటి మాట అయింది. ఆత్మకు నాశం లేదనే రెండవ అధ్యాయపు శ్లోకాలు మొదట్లోనే వస్తాయి. శవయాత్ర కొద్దిసేపటిది, మైకు ఆపే వేళకు అంతవరకే వినిపిస్తుంది. తరువాతి అధ్యాయాలు వినేదెవరు?

నేను ఈ రికార్డును వైద్యుడిగా విన్నాను. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు తన స్థితిని తానే వర్ణించుకుంటాడు: అవయవాలు పట్టు తప్పుతున్నాయి, నోరు ఎండిపోతున్నది, శరీరం వణుకుతున్నది, చర్మం మండుతున్నది, చేతిలోని విల్లు జారిపోతున్నది, నిలబడలేకపోతున్నాడు. అవుట్ పేషెంట్ విభాగంలో ఎవరైనా ఈ లక్షణాలు చెబితే, గుండెజబ్బు లేదని నిర్ధారించుకున్న పిమ్మట, తీవ్రమైన ఆందోళన అని రాస్తాము. అలాంటి మనిషిని లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలను మనం పడుకోబెట్టిన మనిషి పక్కన వినిపిస్తున్నాము!

కర్మ చేయడమే నీ వంతు, ఫలం మీద హక్కు లేదనే ఉపదేశం నాకు పుస్తకంలో కంటే పురుగుమందు వార్డులో బాగా అర్థమయింది. పత్తి, మిరప పండే మన ప్రాంతంలో పనిచేసిన ప్రభుత్వ వైద్యునికి ఆ వార్డు సుపరిచితమే. ఆర్గానోఫాస్ఫేట్ మందు తాగిన రోగికి ఊపిరితిత్తులలో చెమ్మ ఆరేవరకు అట్రోపిన్ మళ్లీ మళ్లీ ఇస్తూ, గంట గంటకూ ఛాతీ పరీక్షిస్తూ, తెల్లవార్లూ మంచం పక్కనే ఉండాలి. ఒకరు లేచి ఇంటికి నడిచి వెళ్తారు. అంతే శ్రద్ధగా చూసిన మరొకరు వెళ్లరు. మరునాటి రాత్రి మళ్లీ మొదటి డోసు నుంచి అంతే శ్రద్ధతో మొదలుపెట్టాలంటే, ఆ శ్లోకం కంటే పనికివచ్చే మాట నాకు వైద్యగ్రంథాలలో దొరకలేదు.

ఇదే శ్లోకాన్ని అడ్డుపెట్టుకుని "రాసిపెట్టి ఉన్నది జరుగుతుంది" అని ఇన్సులిన్ మానేసినవారూ నాకు తెలుసు. వారితో నేను ఎన్నడూ ఏకీభవించలేదు. ఫలం వదులుకోమన్నాడు గాని పని వదులుకోమనలేదు కదా! శరీరాన్ని వస్త్రంతో పోల్చిన శ్లోకమూ అంతే. దానిలో శరీరం పట్ల చులకన ఉన్నదని కొందరంటారు. నాకు తోచే అర్థం వేరు. కట్టుకున్నంత కాలం బట్టను ఉతుక్కోవాలి, చిరిగితే కుట్టుకోవాలి. రక్తపోటు మాత్ర రోజూ వేసుకోవడం ఆ కోవలోనిదే.

ధరణికోటలో మా ఇంట్లో ఉదయం ఆరు గంటలకు నేను ఈ రికార్డు పెట్టుకుంటే, ఒకరోజు ఎదురింటాయన కండువా భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. నన్ను కుర్చీలో చూసి తేరుకోవడానికి ఆయనకు కొంత సమయం పట్టింది. అప్పటినుండి మా కోడలు "కాస్త సౌండు తగ్గించండి మామయ్యగారూ, ఊరంతా వచ్చేస్తారు" అంటున్నది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, రోగి ఉన్న ఇంట్లో ఈ భయం నవ్వులాట కాదు. క్యాన్సర్ ముదిరిన ఒక పెద్దాయన గీత వింటానని అడిగితే, కొడుకు నన్ను బయటికి పిలిచి "అది పెడితే నాన్న భయపడతాడండీ" అన్నాడు. లోపలినుంచి ఆ పెద్దాయనే "ఏందిరా, నాకు తెలవదనుకుంటన్నావా?" అన్నాడు. పెట్టమన్నాను. రెండు రోజులు విన్నాడు. మూడవ రోజు కొడుకును కూర్చోబెట్టి ఎవరికి ఎంత బాకీ ఉన్నదీ, పాసు పుస్తకం ఎక్కడున్నదీ చెప్పాడు. నొప్పి ఎంత ఉన్నదో కూడా అప్పుడే దాచకుండా చెప్పాడు. అంతకుముందు తగ్గిందనే చెప్పేవాడు. నొప్పి ఎంతో తెలిసిన తరువాత గదా మందు మోతాదు నిర్ణయించగలిగేది. ఇంట్లో చావు మాట ఎత్తరాదనే నియమం ఉన్నంతకాలం రోగి అబద్ధమే చెబుతాడు, బంధువులు అబద్ధమే చెబుతారు, మధ్యలో వైద్యుడు ఊహలతో మందు రాస్తాడు.

మా ఊరి పూర్వులకు ఈ భయం ఇంతగా లేదనిపిస్తుంది. ధరణికోట ఒకనాటి ధాన్యకటకం. పక్కనే అమరావతి మహాచైత్యం. స్తూపమంటే ధాతువులను, అనగా అస్థికలను, భద్రపరచే కట్టడం. దాని చుట్టూ వారు చెక్కినవి ఏమిటి? బుద్ధుని జననం, పూలదండలు మోసే యువకులు, మదించిన నలగిరి ఏనుగు, కిటికీలలోంచి తొంగిచూసే స్త్రీలు. ఆ ఫలకాలు నేడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అస్థికల చుట్టూ అంత జీవితాన్ని నిలిపినవారి ఊరిలో, ఒక పాట వినిపిస్తే కండువా వెతుక్కుంటున్నాము.

పాఠక మిత్రులు ఒక ఆదివారం తీరికగా, ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేని రోజున, ఈ రికార్డును చివరి వరకు వినవలసిందిగా కోరుతున్నాను. మా పిల్లలకు మాత్రం ఒక మాట ముందే చెప్పి ఉంచాను: నేను పోయిన నాడు మైకు వద్దు. నాతో కలిసి వినదలచినవారు ఏ రోజైనా ఉదయం ఆరింటికి రావచ్చు, కాఫీ కూడా ఉంటుంది.