లిపి తేలేదాకా మన పిల్లలు ఆగాలా?



గోర్ బోలిని, అంటే మన లంబాడీ భాషని, బళ్లో పెట్టాలి అనగానే మన కుర్రాళ్లలో మొదలయ్యే గొడవ ఒకటే. ఏ లిపిలో రాయాలి? ఒకరు దేవనాగరి అంటారు, ఒకరు తెలుగు లిపి చాలంటారు, ఇంకొకరు మనకంటూ కొత్త లిపి కావాలంటారు. నా అభిప్రాయం కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు బడి సంగతి. మాచర్ల, బొల్లాపల్లి, ఎర్రగొండపాలెం వైపు తండాలో పుట్టిన పిల్లకి అమ్మ అంటే యాడి, నీళ్లంటే పాణి, రొట్టె అంటే బాటి. ఒకటో తరగతిలో ఆవు బొమ్మ చూపిస్తే బొమ్మని గుర్తుపడుతుంది, బొమ్మ కింద మాట మాత్రం తనది కాదు. అక్షరం నేర్చుకోవడం ఒక పని, కొత్త భాష నేర్చుకోవడం ఇంకో పని. రెండూ ఒకేసారి నెత్తిన పడతాయి. దానికితోడు జనవరి వస్తే మిరపకాయ కోతలు. అమ్మానాన్నల వెంట చాలామంది పిల్లలు కూడా పోతారు. తిరిగొచ్చేసరికి పాఠాలు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటాయి. అప్పుడు "వీడు మొద్దు" అంటారు. వాడు మొద్దు కాదు, పాఠం వాడికి అర్థమయ్యే మాటలో మొదలు కాలేదు.

ఇప్పుడు లిపి సంగతి. కొంకణి వాళ్లని చూడండి. ఆ భాషని దేవనాగరి, రోమన్, కన్నడ, మలయాళం లిపుల్లో రాస్తారు. 1987లో గోవా చట్టం కొంకణి అంటే దేవనాగరిలో రాసిందే అని చెప్పింది. రోమన్ లిపిలో తరాలుగా రాసుకుంటున్నవాళ్లు తమ భాషలోనే పరాయివాళ్లయ్యామని ఇప్పటికీ అడుగుతున్నారు. 1992లో కొంకణి ఎనిమిదో షెడ్యూలులో చేరింది, లిపి తగువు మాత్రం తీరలేదు. ఒకే లిపి అని గీత గీస్తే ఎవరో ఒకరు బయటపడతారు.

సొంత లిపి ఉంటే గౌరవమే, కాదనను. సంతాలీ వాళ్లకి రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి తయారుచేశారు. ఆ భాష ఎనిమిదో షెడ్యూలులోకి వచ్చింది 2003లో. మధ్యలో 78 ఏళ్లు. ఉద్యమం అంతకాలం నడవగలదు. ఒకటో తరగతి పిల్ల ఒక్క ఏడాది కూడా ఆగలేదు.

మన దగ్గర దారి లేకపోలేదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్య కింద గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియాతోపాటు మన బంజారా భాషలో కూడా తెలుగు లిపితో పిల్లల పుస్తకాలు చేశారు. ఇంకా వెనక్కి పోతే గిడుగు రామమూర్తి గారు. పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించినాయన. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. దండ వేసేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలి కదా.

అందుకే నా మాట: మన తండాల్లో ఒకటి, రెండు తరగతులకి గోర్ బోలి తెలుగు లిపిలో పెట్టాలి. ఆ పిల్ల మూడో తరగతిలో తెలుగు పుస్తకం పట్టుకుంటే అక్షరాలు అప్పటికే తెలిసి ఉంటాయి. బస్సు బోర్డు, రేషన్ కార్డు కూడా చదువుకుంటుంది. మన ముక్కుతో పలికే మాటలకి అరసున్న ఉంది, ళ కూడా ఉంది. మహారాష్ట్ర గోర్ అన్నలు దేవనాగరిలో రాసినవి ఎలా చదవాలంటారా? రెండు లిపుల అక్షరాల వరస దాదాపు ఒకటే, ఫోనే మార్చిపెడుతుంది. అన్ని రాష్ట్రాలకీ ఉమ్మడి లిపి గురించి పెద్దలు మాట్లాడుకుంటూ ఉండొచ్చు. బడి మాత్రం దానికోసం ఆగకూడదు.

"ఇంగ్లీషు చాలు, తండా భాష తిండి పెడుతుందా?" అనే అన్నలకి కూడా ఒక మాట. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటిదాన్ని. ఇంగ్లీషు రాకపోతే ఎంత కష్టమో నాకు తెలుసు. ఇంగ్లీషు వద్దని నేను అనట్లేదు. మొదటి అక్షరం అర్థమయ్యే భాషలో వస్తే తర్వాతి భాషలు తొందరగా పట్టుబడతాయి, అంతే. మన పక్క బెంచీలో ఎరుకల పిల్లలుంటారు, వాళ్లకీ ఇంట్లో వేరే భాష ఉంది. వాళ్ల కోసం కూడా అడుగుదాం.

మనం చేయగలిగినవి మూడు. తండా బడిలో, అంగన్‌వాడీలో మన భాష వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉండాలని ఐటీడీఏకి, ఎంఈఓకి అర్జీ పెడదాం. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు గురించే చెబుతుంది, అర్జీలో ఆ నంబరు రాయండి. రెండోది, సెలవులకి ఊరెళ్లినప్పుడు అవ్వ చెప్పే కథ ఒక్కటి తెలుగు అక్షరాల్లో రాసుకురండి, పుస్తకాలు లేవనే మాట పోవాలి. మూడోది జనగణన. 2011లో 32 లక్షలకు పైగా జనం తమ భాష లంబాడీ అని చెబితే, ఆ లెక్కని హిందీ కింద కలిపారు. అయినా మన పేరుతో ఒక అంకె మిగిలింది. ఈసారి ఇంటికొచ్చి మాతృభాష ఏంటని అడిగితే సిగ్గుపడి తెలుగు అని చెప్పొద్దు. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి.