చెక్కు ఇస్తూ ఫొటో తీయడం ఆపుదాం

మేం కొందరం ఉద్యోగులం, అధ్యాపకులం చందాలు వేసుకుని ప్రతి ఏప్రిల్ 14న ఇంటర్ చదివే దళిత పిల్లలకు ఆర్థిక సాయం చేస్తుంటాం. పేరు పిలుస్తాం, బాబాసాహెబ్ చిత్రపటం పక్కన నిలబెట్టి చెక్కు చేతికిస్తాం, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడతాం. ఈసారి ఒక అమ్మాయి పేరు మూడుసార్లు పిలిచినా వేదిక మీదికి రాలేదు. తర్వాత వాళ్లమ్మ చెప్పింది: "ఫొటో చూస్తే కాలేజీలో అందరికీ తెలిసిపోద్దంట సార్. డబ్బుల్లేకపోయినా పర్లేదంది."

మాలో కొందరు దాన్ని పొగరన్నారు. నాకు మాత్రం ఆ అమ్మాయే సరైనదనిపించింది. ఎందుకు సరైనదో చెప్పగలిగే మాటలు నాకు యూదుల సేవాసంస్థల చరిత్రలో దొరికాయి.

నన్ను అటు నడిపించింది కూడా అంబేడ్కరే. 1913లో ఆయన కొలంబియాలో చేరినప్పుడు గురువుగా దొరికిన ఎడ్విన్ సెలిగ్మన్ యూదుడు. సెలిగ్మన్ తండ్రి జోసెఫ్ పేరుమోసిన బ్యాంకరు. అయినా 1877లో సారటోగాలోని గ్రాండ్ యూనియన్ హోటల్ యూదుడన్న కారణంతో ఆయనకు చోటివ్వలేదు. సరిగ్గా 40 ఏళ్ల తర్వాత బరోడాలో అంబేడ్కర్‌కు తలదాచుకునే చోటు లేకపోయింది. ఈ రెండూ ఒకటేనని నేను అనను. అంటరానితనం వేరు, యూదు ద్వేషం వేరు. ఇజ్రాయెల్ రాజ్యం చేసే పనులకు ఈ చరిత్ర సమర్థన కూడా కాదు. కానీ వెలివేతకు గురైన ఒక సముదాయం తన పిల్లల్ని ఎలా నిలబెట్టుకుందన్నది మన ప్రశ్న కూడా.

1881 నుంచి 1924 దాకా తూర్పు యూరప్ నుంచి 20 లక్షలకు పైగా యూదులు అమెరికాకు వలస వచ్చారు. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లోని ఇరుకు గదుల్లో ఎన్నో కుటుంబాలు తలదాచుకున్నాయి. పద్నాలుగు, పదిహేనేళ్ల అమ్మాయిలు బట్టల ఫ్యాక్టరీల్లో మిషన్ల ముందు కూర్చునేవారు. 1908లో నగర పోలీసు కమిషనర్ బింగమ్, నేరస్తుల్లో దాదాపు సగం మంది యూదులేనని పత్రికలో రాశాడు. సముదాయం తిరగబడితే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. అయితే వాళ్లు నిరసనతోనే సరిపెట్టుకోలేదు. తప్పుదారి పట్టిన తమ అబ్బాయిల కోసం అంతకు ముందే, 1907లో, హాథోర్న్‌లో సొంత పాఠశాల తెరిచి ఉన్నారు. దాదాపు అదే కాలంలో మన దగ్గర ఎరుకల కుటుంబాలపై నేరస్త తెగలన్న ముద్ర వేసి స్టూవర్టుపురం సెటిల్మెంటులో పెట్టారు. దాని నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ చేతిలో ఉండేది. ముద్ర వేయించుకున్న పిల్లల బాధ్యత ఎవరి చేతిలో ఉందన్నది చిన్న తేడా కాదు.

రెండో సంగతి, వాళ్లు పిల్లల్ని కుటుంబం నుంచి విడదీసి చూడలేదు. తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోతే పెద్ద కొడుకో కూతురో బడి మానేసి పనికి పోవాల్సిందే. అలా వెళ్లిపోయిన భర్తల్ని వెతికి పట్టుకుని భరణం ఇప్పించడానికి 1911లో నేషనల్ డిజర్షన్ బ్యూరో పెట్టారు. 'ఫార్వర్డ్' అనే యిడ్డిష్ పత్రిక ఆ మగవాళ్ల ఫొటోలు అచ్చువేసింది. అంటే ఫొటో పడింది సాయం తీసుకున్న పిల్లలది కాదు, బాధ్యత వదిలేసిన తండ్రులది!

1892లో 95 డాలర్లతో మొదలైన హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ పేదలకు వడ్డీ లేని అప్పులిచ్చింది. తండ్రికి ఒక తోపుడు బండో కుట్టుమిషనో అమరితే కొడుకు ఇంకో రెండేళ్లు చదువుతాడు. ఇంటి అప్పును పట్టించుకోకుండా పిల్లకు స్కాలర్‌షిప్ ఇస్తే ఆ డబ్బు ముందు వడ్డీ వ్యాపారికే పోతుంది. మన వాడల్లో ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ పనుల వెనుక ఒక భావన ఉంది. హీబ్రూలో ఇలాంటి సాయాన్ని 'త్సెదాకా' అంటారు. దాని ధాతువుకు అర్థం దయ కాదు, న్యాయం. 12వ శతాబ్దపు తత్వవేత్త మైమొనిడీస్ దానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. అన్నిటికంటే పై మెట్టు, మనిషికి అప్పో, భాగస్వామ్యమో, పనో ఇచ్చి మళ్లీ చేయి చాపే అవసరం లేకుండా చేయడం. దాని కింది మెట్టు, ఇచ్చినవాడెవరో తీసుకున్నవాడికీ, తీసుకున్నవాడెవరో ఇచ్చినవాడికీ తెలియకుండా ఇవ్వడం. సాయం మీద బతికే పేదవాడు కూడా ఎంతో కొంత ఇవ్వాలని కూడా ఆయన అన్నాడు. మనుస్మృతిలో దాన ఫలం పుచ్చుకునేవాడి వర్ణాన్ని బట్టి పెరుగుతుంది, బ్రాహ్మణుడికి ఇస్తే రెట్టింపు. ఆ లెక్కను తిరస్కరించిన మనం, మన సభల్లో ఏ మెట్టు మీద నిలబడి ఉన్నాం?

వాళ్ల చరిత్రలో లోపాలు లేవని కాదు. ముందే వచ్చి స్థిరపడిన జర్మన్ యూదులు, కొత్తగా వచ్చిన తూర్పు యూరప్ పేదల్ని చిన్నచూపు చూశారు. 1889లో పెట్టిన ఎడ్యుకేషనల్ అలయన్స్‌లో ఆ పేదల యిడ్డిష్ భాషను మొదట్లో దూరంగా పెట్టారు. విసిగిన పేదలు తమ పాత ఊళ్ల పేర్లతో సొంత సంఘాలు పెట్టుకుని, చిన్న చిన్న చందాలతో ఒకరినొకరు ఆదుకున్నారు. ఉద్యోగాలొచ్చి కాలనీలకు మారిన మనలాంటి వాళ్లు వాడకు వెళ్లి మాట్లాడే తీరు ఒకసారి గుర్తు చేసుకుంటే ఈ కథ కొత్తగా అనిపించదు.

ఇంకో లోపం పెద్దది. ఇన్ని సంస్థలున్నా 1911 మార్చి 25న ట్రయాంగిల్ ఫ్యాక్టరీ మంటల్లో 146 మంది చనిపోయారు. ఎక్కువమంది యూదు, ఇటాలియన్ అమ్మాయిలు, వాళ్లలో పద్నాలుగేళ్ల వాళ్లూ ఉన్నారు. ఫ్యాక్టరీల చట్టాల్ని మార్పించింది సేవాసంస్థల చందాలు కాదు, కార్మికుల పోరాటమూ ప్రజాగ్రహమూ. అందుకే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం కొట్లాడటం మన మొదటి పని. మన చందా రాజ్యం బాకీని మాఫీ చేయకూడదు. ఆ బాకీ వసూలయ్యేలోపు పిల్ల చదువు ఆగిపోకుండా చూస్తే చాలు.

ఇది మనకు అరువు తెచ్చుకున్న ఆలోచన కాదు. 1924లో అంబేడ్కర్ బహిష్కృత హితకారిణి సభ పెట్టి, మరుసటి ఏడాదే సోలాపూర్‌లో హాస్టల్ తెరిపించారు. 'పే బ్యాక్ టు సొసైటీ' అన్నప్పుడు మనం ఒప్పుకుంటున్నది కూడా ఇదే: ఇది దానం కాదు, తీర్చాల్సిన బాకీ. బాకీ తీర్చేటప్పుడు ఎవరూ ఫొటో దిగరు.

వచ్చే ఏడాదికి మా బృందం ముందు మూడు ప్రతిపాదనలు పెట్టాను. డబ్బు నేరుగా విద్యార్థి ఖాతాలో వేయాలి, పేర్లు బయటికి రాకూడదు. చందాలో కొంత తల్లిదండ్రులకు వడ్డీ లేని అప్పుగా తిరగాలి. ఎవరికి ఏం అవసరమో తేల్చే కమిటీలో వాడలోని తల్లులు, హాస్టల్ విద్యార్థులు ఉండాలి. మొదటిదానికే అభ్యంతరం వచ్చింది: "ఫొటో లేకపోతే చందాలు ఎవరిస్తారు?"

న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాల్సింది మాత్రం ఆ అమ్మాయి కాదు, మనం.