ఆకాశానికీ ఓ అభిమాన సంఘం కావాలి

పొద్దున్నే ఏ తెలుగు ఛానల్ పెట్టినా నవగ్రహాలు ప్రత్యక్షం. శుక్రుడు ఎవరికి కారు కొనిపెడతాడో, శని ఎవరి ఉద్యోగం ఊడబెరుకుతాడో పూసగుచ్చినట్టు చెబుతారు. ఆ శని చుట్టూ ఉన్న వలయాలు చాలామటుకు మంచుగడ్డలేనని మాత్రం ఒక్కరూ చెప్పరు.

నా ఆకాశం వేరే దారిన వచ్చింది. ఎనభైల్లో హైదరాబాద్ చిక్కడపల్లిలో ఉండేవాళ్లం. ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్. అన్నయ్య డాబా మీద యాంటెన్నా తిప్పేవాడు, నేను కింద నుంచి "పోయింది, పోయింది, ఆఁ వచ్చింది" అని అరిచేదాన్ని. ఇంగ్లిషు మాకు అంతంతమాత్రం. అందులోని స్పాక్ గారి తర్కమంతా అన్నయ్య అప్పటికప్పుడు తెలుగులో కల్పించి చెప్పేవాడు. చాలా ఏళ్లకు అసలు డైలాగులు విన్నాను. అన్నయ్యవే బాగున్నాయి.

అమ్మమ్మకు స్పాక్ మొనదేలిన చెవులతో పేచీ లేదు. పురాణాల్లో అంతకన్నా చిత్రమైన చెవులు చూసిందావిడ. పేచీ అంతా ట్రాన్స్‌పోర్టర్‌తో. మనుషులు మిలమిలా మెరిసి మాయమై మరో గ్రహం మీద తేలుతుంటే, "దీనికింత హడావిడా? మాయాబజార్‌లో రంగారావు ఇంతకన్నా శుభ్రంగా మాయమవుతాడు" అని తీర్పిచ్చింది. నేను కెప్టెన్ కిర్క్ పక్షాన ఘోరంగా పోట్లాడాను. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ యంత్రం పుట్టింది ఖర్చు తగ్గించుకోవడానికట. వారంవారం ఓడను నేలకు దించి చూపించే డబ్బు వాళ్ల దగ్గర లేదు.

ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ టీవీ సీరియల్ కాస్మాస్ నాకు ఆలస్యంగా, అద్దె వీసీఆర్‌లో దొరికింది. పదమూడు భాగాల్లో పదోది పెట్టేసరికి తమిళనాడు పొంగల్ ముగ్గులు, నటరాజ విగ్రహం! అమ్మమ్మ లేచి కూర్చుంది. బ్రహ్మకు ఒక పగలూ రాత్రీ కలిస్తే 864 కోట్ల ఏళ్లని ఆయన చెబుతున్నాడని అన్నయ్య అనగానే, "ఈ తెల్లాయనకు సంకల్పం చెప్పించిందెవర్రా?" అంది. ఆ సేగనే అదే పేరుతో రాసిన పుస్తకంలో, ఈ లెక్క నేటి విజ్ఞానానికి దగ్గర పడటం కాకతాళీయమేనని కూడా ఒప్పుకున్నాడు. ఇప్పుడు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో తిరిగే సేగన్ నోట ఆ ముక్క ఉండదు. అమ్మమ్మకు చెప్పి ఉంటే, "అయితే ఏం, లెక్క తప్పలేదుగా" అనేది.

అభిమానులంటే చొక్కాలు చింపుకునేవాళ్లని మనకో చులకన. కానీ 1968లో స్టార్ ట్రెక్‌ను ఆపేస్తారన్న మాట పొక్కగానే అమెరికాలో అభిమానులు ఉత్తరాలు గుమ్మరించారు. మూడో సీజన్ వచ్చింది. 1976లో మళ్లీ ఉత్తరాలు, ఈసారి ఏకంగా దేశాధ్యక్షుడికి. నాసా తొలి షటిల్‌కు కాన్‌స్టిట్యూషన్ అని పెట్టబోయిన పేరు మార్చి, సీరియల్‌లోని ఓడ పేరు ఎంటర్‌ప్రైజ్ పెట్టారు. దాన్ని జనానికి చూపించిన రోజున సీరియల్‌లో స్పాక్ వేషం కట్టిన నటుడు నిమాయ్ కూడా వచ్చి నిలబడ్డాడు. తమాషా ఏమిటంటే, అది గాల్లో తేలే పరీక్షల కోసం కట్టినది. అభిమానులు పోరాడి పేరు పెట్టించుకున్న ఓడ ఒక్కసారైనా అంతరిక్షానికి వెళ్లలేదు!

ఉత్సాహంలో మనం వాళ్లకు తీసిపోతామా? కటౌట్లకు పాలాభిషేకాలు చేసిన జాతి మనది. ఆదిత్య 369 మళ్లీ వేస్తే ఇప్పటికీ టైమ్ మెషీన్ దగ్గర ఈలలేస్తాం. కానీ 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగానే వెళితే, శాస్త్రవేత్తలు హైదరాబాద్ దగ్గరి రంగాపూర్ వేధశాలలో దుర్భిణులు బిగించుకుని కూర్చున్నారు, మనలో చాలామంది తలుపులు బిగించుకుని కూర్చున్నారు. ఇప్పటికీ గ్రహణం వస్తే స్టూడియోలో చర్చ పట్టు విడుపుల మీదే.

ఛానళ్లను తిట్టి లాభం లేదు. అడిగేవాళ్లుంటే వేస్తారు, రాశిఫలాలకు అడిగేవాళ్లున్నారు. ఆదివారం పొద్దున ఒక్క అరగంట, చక్కటి తెలుగులో ఆకాశం చూపించమని మనం గోల చెయ్యాలి. మా అన్నయ్యలాంటి అనువాదకుడు దొరికితే మరీ మంచిది.

ఈమధ్య ఒక ఛానల్‌కు నేనే ఉత్తరం రాశాను. నక్షత్రాల మీద వారానికో కార్యక్రమం పెట్టండి బాబూ అని. వారం తిరక్కుండా ఫోనొచ్చింది. చాలా మర్యాదగా మాట్లాడిందా అమ్మాయి.

"తప్పకుండా చేద్దామండీ. ముందు మీ జన్మనక్షత్రం ఏమిటో చెప్పండి."