ఫొటోకెక్కని పళ్ళెం

మా అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్ చూసినవాళ్ళు మా ఇంట్లో ఏడాది పొడుగునా పెళ్ళి భోజనాలే అనుకుంటారు. ఉలవచారు బిర్యానీ, బందరు లడ్డు, బందరు రోడ్డు మీద తిన్న పునుగులు, అన్నీ అందులో ఉంటాయి. మొన్న ఆదివారం గోంగూర మాంసం వండితే గిన్నె తీసుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టి, "అమ్మా, కాస్త చెయ్యి తియ్యి, అడ్డమొస్తోంది" అంది. తీశాను. అందరూ తిని లేచాక మూడింటికి నేను తిన్నది ఆ గిన్నె అడుగు తుడిచి కలుపుకున్న అన్నం, ఇంత మజ్జిగ. దాన్నెవరు ఫొటో తీస్తారు?

ఇలాంటి పోస్టులన్నీ పోగేసి ఏ ప్రాంతంలో జనం ఏం తింటున్నారో పరిశోధన చేస్తారట. మా అమ్మాయే చెప్పింది. అట్లాంటాలో జార్జియా టెక్ వాళ్ళు 2016లో ముప్పై లక్షల ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు చూశారు. పోస్టులో ఉన్న వంటకం పేరుని పోషకాల పట్టికతో సరిపోల్చి కొవ్వు, చక్కెర లెక్కగట్టారు. మంచి కూరలు, పళ్ళు దగ్గర్లో దొరకని పేటల్లో తినేవాటిలో కొవ్వు, కొలెస్ట్రాల్, చక్కెర 5 నుంచి 17 శాతం ఎక్కువగా తేలాయట. బాగానే ఉంది. కానీ మనం "పప్పన్నం" అని రాస్తే ఆ కంప్యూటర్ ఏం లెక్కగడుతుంది? నెయ్యేసిన ముద్దపప్పా, నెలాఖరు నీళ్ళ పప్పా?

అలాగని ఇదంతా దండగ అనను. న్యూయార్క్ ఆరోగ్యశాఖ వాళ్ళు 2012-13లో తొమ్మిది నెలల పాటు యెల్ప్‌లో హోటళ్ళ మీద జనం రాసిన 2,94,000 అభిప్రాయాలను కంప్యూటర్‌తో జల్లెడ పట్టారు. తిని జబ్బుపడ్డామని రాసినవి 468 తేలాయి. వాటిలో నగరపాలక సంస్థకి ఫిర్యాదు వెళ్ళినవి 3 శాతమే! ఇది మాత్రం నాకు వెంటనే అర్థమైంది. కిందటేడు ఒక హోటల్లో తినొచ్చి మా నలుగురికీ రెండు రోజులు వాంతులు, విరేచనాలు. ఫిర్యాదు చేశామా? లేదు. ఓఆర్‌ఎస్ తాగి పడుకున్నాం. మావాడు గూగుల్లో ఒక్క స్టార్ ఇచ్చి కసి తీర్చుకున్నాడు. దాన్ని చదివి అడిగే అధికారి ఉంటే ఎంత బాగుండేది! తెలంగాణ ఆహార భద్రతా అధికారులు 2024లో తనిఖీల్లో బయటపడినవి ఎక్స్‌లో పెట్టారు. ఆ పని మన దగ్గరా జోరుగా సాగాలి. హోటల్ సంగతి వరకూ నా ఓటు వీటికే.

ఇంట్లో తిండి దగ్గరకొచ్చేసరికే నాకు పేచీ. మా వీధిలో రెండు కర్రీ పాయింట్లున్నాయి. రాత్రి ఎనిమిదింటికి ఉద్యోగాల నుంచొచ్చే ఆడవాళ్ళంతా అక్కడే. పప్పు, వేపుడు, సాంబారు కవర్లలో కట్టించుకుని పరుగు. ఆ నూనె ఎన్నిసార్లు కాగిందో ఆ దేవుడికే తెలియాలి. ఆ కవర్ల ఫొటో మా అమ్మాయి స్నేహితురాళ్ళలో ఒక్కరు కూడా పెట్టగా చూడలేదు. గుడివాడ దగ్గర మా పుట్టింటి ఊళ్ళో నాట్లకొచ్చే ఆడవాళ్ళు గట్టున కూర్చుని విప్పే క్యారేజీలో అన్నం, పచ్చడి. వరి పండించే డెల్టాలో అన్నానికి లోటు లేదు, పక్కన కూరకే లోటు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్ళు 21 శాతం, మగవాళ్ళు 48.8 శాతం. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఇప్పుడు ఫోన్లు పెరిగాయి, ఒప్పుకుంటాను. కానీ ఫోనున్న నేనే నా పళ్ళెం ఎవరికీ చూపించను. రెండో లెక్క ఎలా తెలిసిందంటే, ఇంటింటికీ వెళ్ళి వేలు గుచ్చి రక్తపు చుక్క తీసి చూశారు కాబట్టి. ఫొటోలు చవగ్గా వస్తున్నాయి కదా అని రేపు ఆ సర్వేకి డబ్బు తగ్గిస్తారేమోనని నా భయం.

నాకు హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గరే ఆగింది, ఐరన్ మాత్రలు మింగుతున్నాను. ఆ సంగతి విన్నాక మా అమ్మాయి వారం పాటు నా పళ్ళెమే ఫొటో తీస్తానంది. మూడో రోజు ఫోన్ పక్కన పెట్టేసి, "రోజూ ఇంతేనా?" అంది. ఆ పూట నుంచి నాతో పాటే తింటోంది. కూర ముందే రెండు గిన్నెల్లోకి తీయిస్తోంది.