ఆకాశానికి అటక ఎంత కావాలి?

టెలిస్కోపు కట్టడం ఒక ఎత్తు, అది చూసినదంతా దాచుకోవడం ఒక ఎత్తు. చిలీలోని సెరో పచోన్ కొండ మీద ఉన్న వేరా రూబిన్ అబ్జర్వేటరీయే అందుకు సాక్ష్యం. 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసిన ఈ వేధశాల దక్షిణాకాశాన్ని పదేళ్ల పాటు మళ్లీ మళ్లీ ఫొటో తీయడానికి తయారైంది. దాని కెమెరా సామర్థ్యం 320 కోట్ల పిక్సెళ్లు. పిక్సెల్‌కు రెండు బైట్ల చొప్పున లెక్కేసినా ఒక్కో ఫొటో ఆరు గిగాబైట్లు దాటుతుంది. రాత్రికి 20 టెరాబైట్లు పోగవుతాయని అంచనా. ఏడాదికి 300 రాత్రులనుకుంటే పదేళ్లకు 60 పెటాబైట్లు. పెటాబైట్ అంటే వెయ్యి టెరాబైట్లు.

ఇంతవరకు బడిపిల్లల గుణకారమే. చిక్కంతా ఆ తర్వాతే. ఫొటోల్లోంచి ఏరిన వివరాలను డేటాబేస్‌లో పట్టికలుగా నమోదు చేయాలి. సుమారు 2,000 కోట్ల గెలాక్సీలు, 1,700 కోట్ల నక్షత్రాలు అందులోకి ఎక్కుతాయని అంచనా. ఒక్కోదానికి ఒక్క వరుస కేటాయిస్తే సరిపోదు. ఆకాశంలో ఒక్కో చోటును దాదాపు 800 సార్లు ఫొటో తీస్తారు. ప్రతిసారీ వెలుగు ఎంతుందో, స్థానం మారిందో లేదో రాసుకోవాలి. పేలిన నక్షత్రమైనా, భూమి వైపు వచ్చే గ్రహశకలమైనా ఆ తేడాల్లోనే పట్టుబడుతుంది. అందుకే చివరికి ఒక్క డేటాబేసే 15 పెటాబైట్లవుతుందని లెక్క. పైగా పాత ఫొటోలను కొత్తవాటితో కలిపి దాదాపు ఏటా మొదటి నుంచీ మళ్లీ విశ్లేషిస్తారు. అలా మొత్తం లెక్క 500 పెటాబైట్లకు చేరుతుంది.

దాచినంత మాత్రాన చాలదు, అడిగినప్పుడు దొరకాలి. అమెరికాలో 2000లో మొదలైన స్లోన్ సర్వే ఈ పాఠం ముందే నేర్పింది. దాని ముడి డేటాకు వేసిన అంచనా 40 టెరాబైట్లు. రూబిన్‌కు అది రెండు రాత్రుల పని. మైక్రోసాఫ్ట్ శాస్త్రవేత్త జిమ్ గ్రే, జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీకి చెందిన అలెక్స్ సాలై ఖగోళ శాస్త్రజ్ఞులు అడగబోయే 20 ప్రశ్నలు ముందు పెట్టుకుని, వాటికి జవాబిచ్చేలా డేటాబేస్‌ను రూపొందించారు. ప్రశ్నలు తెలిస్తేనే ఏది చేతికందేలా డిస్కుల్లో ఉంచాలో, ఏది టేపుల్లోకి నెట్టొచ్చో తేలుతుంది. వెతుకులాటకు వాడే ఇండెక్సులు, భద్రత కోసం ఉంచే నకళ్లు మళ్లీ అదనపు చోటు తింటాయి.

అంచనా తక్కువైతే కొన్ని కొలతలు వదులుకోవాలి. అప్పుడు ఏ ప్రశ్న అడగాలో నిర్ణయించేది శాస్త్రం కాదు, నిధుల కొరత. అంచనా ఎక్కువై అన్నీ ముందే కొనేస్తే, కొన్నేళ్లలో పాతబడే డిస్కుల మీద డబ్బు తగలేసినట్టే.

భారత్‌కు ఇది పరాయి గొడవేం కాదు. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో నిర్మిస్తున్న రేడియో టెలిస్కోపుల ప్రాజెక్టు స్క్వేర్ కిలోమీటర్ అరేకు కేంద్రం రూ.1,250 కోట్లు మంజూరు చేసింది. 2024లో భారత్ అందులో సభ్యదేశమైంది. ఆ ప్రాజెక్టు ఏటా దాదాపు 700 పెటాబైట్ల డేటాను దాచాల్సి ఉంటుందని, దాన్ని సభ్యదేశాల్లోని ప్రాంతీయ కేంద్రాలు పంచుకోవాలని ప్రణాళిక. యాంటెన్నాల ముందు రిబ్బన్ కత్తిరించడానికి మంత్రులు ఎప్పుడూ దొరుకుతారు. డిస్కులకు, వాటిని నడిపే కరెంటుకు ఏటేటా బడ్జెట్ దొరకడమే కష్టం.