లీగ్ పిలిచినా డిగ్రీ వదలొద్దు

హైదరాబాద్-ముంబై జాతీయ రహదారి మీద పటాన్‌చెరు దాటి, ఇస్నాపూర్ దాటి, గణేశ్‌గడ్డ గుడి దగ్గర దిగితే రుద్రారం. ఇక్కడే తోషిబా ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీ ఉంది, 2009లో వచ్చిన గీతం క్యాంపస్ ఉంది. ఇంకాస్త ముందుకు పోతే కందిలో ఐఐటీ. పొద్దున్నే ఈ దారిలో షిఫ్టుకు పోయే కంపెనీ బస్సులు, క్లాసులకు పోయే కాలేజీ బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. కంపెనీ బస్సు ఎక్కే తండ్రి తన బిడ్డ కాలేజీ బస్సు ఎక్కాలని కోరుకుంటాడు. ఆ బిడ్డ ఆరడుగులు దాటి పెరిగి, బాస్కెట్‌బాల్‌లో చేయి తిరిగి, ఏదో లీగ్ వాళ్లు సెలక్షన్స్‌కు రమ్మన్నారని, కాలేజీ మానేస్తానని ఇంట్లో చెప్పిన రాత్రి ఎవరికీ అన్నం సహించదు.

మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. బాస్కెట్‌బాల్ ఆడే మన పిల్లలు, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, ఇప్పుడున్న పరిస్థితుల్లో లీగ్ కోసం చదువు ఆపకూడదు. ఆడుతూనే డిగ్రీ చేతికి తెచ్చుకోవాలి. అది జరిగే పని కాదని వాళ్లకు అనిపిస్తోందంటే ఆ తప్పు కాలేజీలది, ప్రభుత్వానిది. పదిహేడేళ్ల పిల్లను, పిల్లాణ్ని నిలబెట్టి రెండిట్లో ఒకటి తేల్చుకోమంటున్నది వాళ్లే.

ముందు ఈ లీగుల సంగతి చూద్దాం. 2015లో యునైటెడ్ బాస్కెట్‌బాల్ అలయన్స్ (యూబీఏ) లీగ్ వచ్చింది. హైదరాబాద్ స్కై పేరుతో మనకూ ఒక జట్టు వచ్చింది. 2017 తర్వాత ఆ లీగ్ నడవలేదు. 2022లో ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ (ఐఎన్‌బీఎల్) మొదలైంది. అందులో ఆడిన ఆరు నగరాల జట్లలో హైదరాబాద్ లేదు. 2025 ఆరంభంలో ఐఎన్‌బీఎల్ ప్రో పెట్టినప్పుడు హైదరాబాద్ ఫాల్కన్స్ పుట్టింది. పదేళ్లలో మూడు పేర్లు, నడుమ ఖాళీ ఏళ్లు. నడిచిన సీజన్ కూడా కొన్ని వారాల ముచ్చటే. 2015లో పద్దెనిమిదేళ్ల కుర్రాడు హైదరాబాద్ స్కై మీద ఆశ పెట్టుకుని చదువు మానేశాడనుకోండి. ఫాల్కన్స్ వచ్చేసరికి అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. రైల్వే స్పోర్ట్స్ కోటాకు వయోపరిమితి ఇరవై అయిదు.

రైల్వే ప్రస్తావన ఊరికే తేలేదు. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడుతూ ఇల్లు నడుపుకుంటున్నవాళ్లు ఎక్కువగా ఉన్నది రైల్వేలో, సైన్యంలో, ఆదాయపన్ను శాఖలో, ఓఎన్‌జీసీలో, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు లాంటి సంస్థల్లో. భారత మహిళల జట్టుకు కెప్టెన్‌గా చేసి 2021లో పద్మశ్రీ పొందిన పి. అనిత దక్షిణ రైల్వే ఉద్యోగి. నెలనెలా జీతం, మోకాలు దెబ్బతింటే వైద్యం, ఆట అయిపోయాక కూడా మిగిలే కొలువు: మన బాస్కెట్‌బాల్‌లో ప్రొఫెషనల్ జీవితం అంటే ఇవాళ్టికి ఇదే.

ఆ కొలువు ఆటగాడి చదువును బట్టి మెట్లు కట్టి ఉంది. పదో తరగతి పాసైతే రైల్వేలో లెవెల్-1. మూల వేతనం 18,000 రూపాయలు. ఇంటర్ ఉంటే లెవెల్-2, 3. 25,500తో మొదలయ్యే లెవెల్-4కు, 29,200తో మొదలయ్యే లెవెల్-5కు అంతర్జాతీయ స్థాయి ఆటతో పాటు డిగ్రీ కూడా అడుగుతారు. ఆదాయపన్ను శాఖలో ఇన్‌స్పెక్టర్‌కైనా, ట్యాక్స్ అసిస్టెంట్‌కైనా డిగ్రీ కావాలి. ఒకే జట్టులో ఆడి, ఒకే కప్పు ఎత్తిన ఇద్దరిలో ఒకరు ఆఫీసు బల్ల ముందు కూర్చుంటే ఇంకొకరు లెవెల్-1లోనే ఉండిపోవచ్చు. తేడా ఆటలో లేదు, సర్టిఫికెట్‌లో ఉంది. ఇంకో సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తమ యూనివర్సిటీ జట్టుకు ఆడటాన్ని కూడా కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాలో అర్హతగా చూస్తారు. కాలేజీ మానేసిన పిల్లకు ఆ దారి ఉండదు.

క్రికెటర్ మహమ్మద్ సిరాజ్‌ను చూపించి, చదువు లేకున్నా కొలువు వస్తుందని వాదించేవాళ్లున్నారు. నిజమే, సిరాజ్ చదివింది ఇంటర్. 2024లో తెలంగాణ ప్రభుత్వం విద్యార్హత సడలించి మరీ ఆయనను డీఎస్పీని చేసింది. ప్రపంచకప్ గెలిచిన జట్టులోని మన కుర్రాడికి ఆ గౌరవం దక్కడం మాకూ సంతోషమే. కానీ ఆ సడలింపు కోసం మంత్రివర్గం కూర్చోవాల్సి వచ్చింది. జాతీయ పోటీల్లో నాలుగో స్థానంలో ఆగిపోయిన పాయింట్ గార్డు కోసం ఏ మంత్రివర్గం కూర్చుంటుంది? అదే విడతలో డీఎస్పీ అయిన నిఖత్ జరీన్ బాక్సింగ్ చేస్తూనే హైదరాబాద్ ఏవీ కాలేజీలో బీఏ చదివింది. పుల్లెల గోపీచంద్ కూడా ఆ కాలేజీ విద్యార్థే. పీవీ సింధు మెహదీపట్నం సెయింట్ ఆన్స్ కాలేజీలో చదువుకుంటూనే ప్రపంచ స్థాయికి ఎదిగింది. చదువు వీళ్లెవరి ఆటనూ కుంగదీయలేదు. ఆ కాలేజీలు వాళ్లకు సర్దుబాటు చేసి ఉంటాయి. ఇవాళ అడగాల్సింది ఆ సర్దుబాటే.

పద్నాలుగేళ్లకే పంజాబ్ నుంచి అమెరికా వెళ్లిన సత్నామ్ సింగ్ భమరా కాలేజీ గడప తొక్కకుండా నేరుగా ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు వెళ్లాడు. 2015లో డాలస్ మావెరిక్స్ 52వ ఎంపికగా తీసుకున్నప్పుడు దేశమంతా మురిసిపోయింది. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం అతనికి రాలేదు. దాని అనుబంధ లీగ్ అయిన జీ లీగ్‌లో కొన్నాళ్లు ఆడి, చివరికి రెజ్లింగ్‌లోకి వెళ్లాడు. ఏడడుగుల మనిషి కాబట్టి ఆ దారైనా దొరికింది. 2020లో మరో భారత కుర్రాడు ప్రిన్స్‌పాల్ సింగ్‌ను తీసుకున్న జీ లీగ్ ఇగ్నైట్ జట్టు, కాలేజీకి పోకుండానే జీతం తీసుకుని ఆడొచ్చని కుర్రాళ్లను పిలిచిన జట్టు. 2024లో దాన్నే మూసేశారు.

ఎందుకు మూసేశారన్నది మనవాళ్లు గమనించాలి. కోబీ బ్రయంట్, లెబ్రాన్ జేమ్స్ హైస్కూలు నుంచే ఎన్‌బీఏకు వెళ్లారు. తర్వాత ఆటగాళ్ల సంఘంతో లీగ్ 2005లో చేసుకున్న ఒప్పందంతో పందొమ్మిదేళ్లు నిండాలన్న నిబంధన వచ్చింది. 2021 నుంచి అక్కడి కాలేజీ క్రీడాకారులు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకునే వీలు కలిగింది. 2025 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించొచ్చు. 2025-26లో ఒక్కో విశ్వవిద్యాలయం 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచే వీలు కలిగింది. ప్రకటనల డబ్బు కాలేజీకి రాగానే ఇగ్నైట్‌కు కుర్రాళ్లు కరువయ్యారు. ఇక్కడి నుంచి స్కాలర్‌షిప్ మీద వెళ్లే పిల్లలకు ఒక హెచ్చరిక: స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఈ సంపాదన మీద గట్టి ఆంక్షలున్నాయి. ఏజెంట్ మాట నమ్మి అప్పు చేయొద్దు. మనవాళ్లకు అక్కడి కాలేజీ ఇచ్చే పెద్ద ఆస్తి చదువే.

అవతలి వాదనలోనూ బలం ఉంది. పదిహేడు నుంచి ఇరవై రెండేళ్ల నడుమ ఒంటికి వచ్చే ఊపు మళ్లీ రాదు. వీవీఎస్ లక్ష్మణ్ డాక్టర్ల ఇంట పుట్టి కూడా వైద్యం వదిలి క్రికెట్ ఎంచుకున్నాడు, ఎవరం తప్పుపట్టం. అయితే ఆయన నమ్ముకున్న క్రికెట్‌కు ఏటా జరిగే రంజీ ఉంది. బాస్కెట్‌బాల్‌కు ఆ మెట్లు ఇంకా కట్టలేదు. డబ్బు సంగతి ఇంకా బరువైనది. పాశమైలారంలో కాంట్రాక్టు కార్మికుడిగా పనిచేసే తండ్రికి, లీగ్ వాళ్లు బిడ్డ చేతిలో పెట్టే మొత్తం చిన్నది కాదు. ఒక అప్పు తీరుతుంది. తీసుకోవద్దని మేమెందుకంటాం? సీజన్ ఆడాలి, డబ్బు ఇంటికి తేవాలి, తిరిగొచ్చి సెమిస్టర్ పరీక్ష రాయాలి. ఇందులో మొదటి రెండూ పిల్లాడి చేతిలో ఉన్నాయి. మూడోది ప్రిన్సిపాల్ చేతిలో ఉంది.

ఆ చెయ్యి ఇవాళ బిగుసుకుని ఉంది. 75 శాతం హాజరు లేకపోతే డిటెన్షన్ భయం. టోర్నీ రోజున మిడ్ పరీక్ష పడితే ఆ మార్కులకు ముప్పే. పతకం తెస్తే ఫ్లెక్సీ కట్టే కాలేజీయే, ఆ పతకం కోసం పోయిన పదిహేను రోజులకు బ్యాక్‌లాగ్ అంటగడుతుంది. అంతకు రెండేళ్ల ముందే ఇంటర్‌లో చాలా ఆటలు చచ్చిపోతున్నాయి. అపార్ట్‌మెంట్ భవనాల్లో నడిచే జూనియర్ కాలేజీలకు గ్రౌండే లేదు. పదో తరగతి దాకా జిల్లా జట్టుకు ఆడిన అమ్మాయి రెండేళ్లు బంతి ముట్టకుండా ఎప్‌సెట్ బిట్లు చేసి, బయటికొచ్చేసరికి కాళ్లలో వేగం పోతుంది. అంత చేశాక ఇంజనీరింగ్‌లో ఆటగాళ్లకు దక్కే కోటా అర శాతం. వెయ్యి సీట్లకు అయిదు, అదీ అన్ని ఆటలకూ కలిపి.

మార్గం లేక కాదు. క్రెడిట్లు దాచుకుని ఏడేళ్ల దాకా వాడుకునే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021 నుంచే ఉంది. ఆటగాడు ఒక సెమిస్టర్ ఆగి మళ్లీ చేరడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు అక్కర్లేదు. ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇవ్వాలి: రాష్ట్ర, జాతీయ, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల రోజుల్ని, గుర్తింపు పొందిన లీగ్ రోజుల్ని హాజరుగా లెక్కించాలి. తప్పిన పరీక్షను నెలలోపు మళ్లీ పెట్టాలి. ఇంటర్ బోర్డుకూ ఇదే వర్తించాలి, గ్రౌండ్ లేని కాలేజీకి అనుబంధ గుర్తింపు ఇవ్వకూడదు. లీగ్ నడిపేవాళ్లనూ వదలకూడదు. ఇరవై ఒకటి నిండని ఆటగాడితో ఒప్పందం రాసుకునే ప్రతి జట్టూ అతని కాలేజీ ఫీజు కట్టాలి, సీజన్ ముగిశాక మరో ఏడాది గాయాల బీమా ఇవ్వాలి. మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషన్ ఖర్చుతో పాటు నెలల తరబడి విశ్రాంతి కావాలి. ఆ నెలల్లో జట్టు యజమాని ఫోన్ ఎత్తకపోతే పిల్లాడికి మిగిలేది కాలేజీ హాస్టల్ గదే, అదీ సీటు ఉంచుకుని ఉంటేనే.

రుద్రారం నుంచి కంది దాకా ఉన్న క్యాంపస్‌లను ఇంకొకటి అడుగుతున్నాం. ఇస్నాపూర్, ముత్తంగి, రుద్రారం సర్కారు బడుల్లో ఎత్తు పెరుగుతున్న పిల్లలున్నారు, వాళ్లకు ఆడుకోవడానికి కోర్టు కావాలి. కోర్టు ఉన్న ప్రతి కాలేజీ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా వాళ్లకు గేటు తెరవాలి. కాలేజీ జట్టులో ఆడే అన్నలు, అక్కలు వాళ్లతో కలిసి ఆడాలి. డిగ్రీ చదువుతూ ఆడే మనిషిని ఆ పిల్లలు పుస్తకంలో కాకుండా పక్కనే నిలబడి చూడాలి. దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. వాచ్‌మన్‌కు ఒక మాట చెబితే ఈ జూన్‌లోనే మొదలవుతుంది.