షేక్‌స్పియరు ఇంటిపేరు

మహాకవి పేరు వినగానే ఆ పేరునందే ఏదో మహిమ కలదని తోచుట లోకసహజము. షేక్‌స్పియరు అను మాట చెవిని బడినంతనే హామ్లెట్టు, లియరు, మాక్బెతు కన్నులకు గట్టుదురు. కాని ఆ మాటకు అర్థమేమి, అది యెట్లు పుట్టినది, కవికి ముందు లోకము దాని నెట్లు చూచినది అని విచారించువారు అరుదు. విచారించినచో ఒక వింత సంగతి బయటపడును. కవి జన్మించుటకు 77 ఏండ్ల ముందు, 1487లో, ఆక్సుఫర్డునందలి మెర్టను కళాశాలలో హ్యూ అను పండితుడు ఈ యింటిపేరును విడిచి సాండర్సు అను పేరు పెట్టుకొనెను. పాతపేరు నీచమైనదిగా ఎంచబడుటయే కారణమని ఆ కళాశాల దప్తరము చెప్పుచున్నది. నేడు ఏ పేరు విని పండితులు చేతులు జోడింతురో, ఆ పేరు చెప్పుకొనుటకు ఆనాడొక పండితుడు సిగ్గుపడెను.

ఇంగ్లండున ఇంటిపేర్లు అనాదిసిద్ధములు కావు. 1066లో నార్మనులు ఆ దేశమును జయించిన పిమ్మట కొన్ని శతాబ్దుల కాలమున అవి క్రమక్రమముగా వంశపారంపర్యము లైనవి. ఒక యూరనున్న పలువురు విలియములను, పలువురు జానులను పన్నుల పట్టికలలో వేరుపరుపవలసి వచ్చినపుడు, ఊరి పేరో, తండ్రి పేరో, వృత్తి పేరో తగిలించిరి. కమ్మరి స్మిత్తు అయ్యెను. జాను కుమారుడు జాన్సను అయ్యెను. వీనిలో చేరని నాల్గవ తెగ యొకటి కలదు. మనిషి రూపమును బట్టియో, నడతను బట్టియో ఇరుగుపొరుగువారు పెట్టిన మారుపేరు ఆ తెగకు మూలము. షేక్‌స్పియరు ఆ తెగలోనిది.

షేక్ అనగా ఆడించుట. స్పియర్ అనగా ఈటె. రెండును చేర్చినచో ఈటె ఆడించువాడని తెలుగర్థము. ఇటువంటి పేర్లు ఆ భాషలో మరికొన్ని కలవు. వాగ్‌స్టాఫ్ అనగా కర్ర ఆడించువాడు. బ్రేక్‌స్పియర్ అనగా ఈటె విరుగగొట్టువాడు. 1154 నుండి 1159 వరకు పోపు పదవి నధిష్ఠించిన నాల్గవ ఏడ్రియను ఇంటిపేరు బ్రేక్‌స్పియరే. ఆ పీఠమెక్కిన ఆంగ్లేయుడు ఆయన ఒక్కడే. ఈటె ఆడించిన ఆ మూలపురుషుడు సైనికుడని కొందరు, ఉత్త కయ్యాలమారి యని కొందరు ఊహించిరి. అందు అశ్లీలధ్వనిని విన్నవారును కలరు. ఏ యూహ నిజమైనను ఇది రాజులిచ్చిన బిరుదు కాదు; నలుగురు కూడి నవ్వుచు తగిలించిన పేరు.

పాత దస్తావేజులలో దీని జాడలును అట్లే యున్నవి. తొలుత కానవచ్చువాడు గ్లాస్టరుషైరు మండలమున క్లాప్టను గ్రామమువాడగు విలియము. దొంగతనము నేరమునకు 1248లో ఇతనిని ఉరితీసిరి. పిమ్మట వారిక్‌షైరు పల్లెలలో ఈ పేరు గల కుటుంబములు పెక్కు కలవు. 16వ శతాబ్ది ఆరంభమున రాక్సాలునందలి సన్న్యాసినుల మఠమునకు అధ్యక్షురాలైన ఇసబెల్లా ఇంటిపేరును ఇదియే. కవి తాత రిచర్డు స్నిట్టర్‌ఫీల్డు గ్రామమున సేద్యము చేసికొనెను. తండ్రి జాను స్ట్రాట్‌ఫర్డు చేరి చేతితొడుగులు కుట్టి జీవించెను. 1568లో ఆ పట్టణమునకు పెద్దయయ్యెను. ఒకే పేరు క్రింద దొంగ, సన్న్యాసిని, రైతు, పట్టణపు పెద్ద అందరును ఇమిడిరి.

వర్ణక్రమముమాట చెప్పనే యక్కరలేదు. ఆ కాలమున ఆంగ్లమునకు స్థిరమైన వర్ణక్రమము లేదు. 1582 నవంబరులో కవి వివాహమునకు సంబంధించి రెండు వ్రాతలు నడచినవి. బిషప్పు దప్తరమున షాక్స్‌పియర్ అనియు, మరునాటి పూచీపత్రమున షాగ్‌స్పియర్ అనియు వ్రాసిరి. కవి స్వహస్తమున చేసిన సంతకములలో నిస్సందేహముగా దొరకినవి ఆరు. వానిలో ఒకటియు నేడు అచ్చగు వర్ణక్రమమున లేదు. ఒక యక్షరము తప్పినందులకు బాలుని ముఖముమీద కాగితము విసరు గురువులు ఈ సంగతి కొంచెము తలపోయుట మంచిది.

ఈ పేరుమీద ఒక విచిత్రవాదమును లేచినది. స్ట్రాట్‌ఫర్డు పౌరుడు ఈ నాటకములు వ్రాయలేదనియు, ఏ ప్రభువో మారుపేరు పెట్టుకొని వ్రాసెననియు 19వ శతాబ్ది మధ్యమునుండి కొందరు చెప్పుచున్నారు. గ్రీకుల విద్యాధిదేవత ఎథీనా ఈటె ధరించును గనుక ఈటె ఆడించువాడను పేరు కల్పితమట. 1609లో అచ్చయిన సానెట్ల ముఖపత్రమున ఆ పేరును రెండుగా విడదీసి నడుమ గీత పెట్టుటయే గుర్తట. కవికి 300 ఏండ్ల ముందునుండి పల్లెల దస్తావేజులలో నున్న పేరు ఎవరి కల్పన? ఈ వాదము వెనుక నిజముగా నున్నది పాండిత్యము కాదు, చులకన. తొడుగులు కుట్టువాని కొడుకు ఇంతటి కవి కాజాలడను తలపే దానికి మూలము. హ్యూ పండితుడు సిగ్గుపడిన కాలమునాటి చూపే మరియొక వేషమున తిరిగివచ్చినది.

1592లో రాబర్టు గ్రీను పేరిట వెలువడిన ఒక పుస్తకము కవి ఇంటిపేరును విరిచి షేక్-సీన్ అని, అనగా రంగస్థలమును అదరగొట్టువాడని, ఎగతాళి చేసెను. ఆ మరుసటి యేడే కవి తన తొలి కావ్యమును అచ్చొత్తించి, అంకితము క్రింద అదే యింటిపేరు నిలిపెను. 1623లో నాటకముల సంపుటము వెలువడినపుడు బెన్ జాన్సను అదే శ్లేషను తిప్పి, ఆ ఈటెను అజ్ఞానముపై ఎత్తిన ఆయుధముగా స్తుతించెను. 31 ఏండ్లలో ఎగతాళి పొగడ్తయయ్యెను. మాటలో ఒక్క యక్షరమైనను మారలేదు. మారినది దాని వెనుకనున్న కృషి.

లోకము మర్యాద నిచ్చు తీరులో ఒక విషాదమును కలదు. 1596 ఆగస్టులో కవి ఒక్కగానొక్క కుమారుడు హామ్నెట్టు పదునొకండవ యేట మరణించెను. అక్టోబరులో ఆ కుటుంబమునకు ఈటె గుర్తుగల వంశచిహ్నము మంజూరయ్యెను. పేరునకు గౌరవము వచ్చినవేళకు దానిని మోయు కొడుకు లేడు. మనుమరాలు ఎలిజబెత్తు 1670లో మరణించుటతో కవి సంతతి ముగిసెను. సోదరులకును సంతతి నిలువలేదు. కనుక నేడు ఈ యింటిపేరు గలవారిలో కవి సంతతివారు లేరు. పేరు మాత్రము అరుదుగానైనను బ్రతికియున్నది. నికొలస్ షేక్‌స్పియరు నవలాకారుడు. బర్మింగ్‌హామున పుట్టిన క్రెయిగ్ షేక్‌స్పియరు 2017లో లెస్టరు సిటీ ఫుట్‌బాలు జట్టును నడిపెను. కీర్తి వారసత్వముగా రాదు, పేరే వచ్చును.

తెలుగునాట ఇంటిపేరు మనిషిపేరునకు ముందు నడచును. బడిలో హాజరు పిలుచునపుడు మొదట వినబడునది అదియే. ఊళ్ల పేర్లనుండి వచ్చినవి ఎవరికిని నవ్వు పుట్టింపవు. కాకి, నక్క, పిల్లి, గుండు వంటి ఇంటిపేరు గల పిల్లవాడు లేచి నిలుచున్నపుడు వెనుక బల్లలనుండి నవ్వు వచ్చును. ఆ పిల్లవాడు పెద్దవాడై ఇంటిపేరును పొడియక్షరము చాటున దాచుకొనును. మరికొందరు ఇంటిపేరు విన్నంతనే కులమును, అంతస్తును లెక్కగట్టుదురు. ఆ నవ్వును ఈ లెక్కయు ఒకే చెట్టు కొమ్మలు. ఇష్టములేని పేరు మార్చుకొనుట దోషము కాదు. హ్యూను నిందింప బనిలేదు. అతనిచేత మార్పించిన నవ్వే నిందార్హము.

రెండు ఇంటిపేర్ల వైరమునకు రోమియోను, జూలియట్టును బలియిచ్చిన నాటకము వ్రాసినవాడు, ఇంటిపేరు బరువు ఎరుగనివాడు కాడు. ఆయన నాటకములు పాఠముగా చెప్పునపుడు ఉపాధ్యాయులు ఈ యింటిపేరు కథకును అయిదు నిమిషములు కేటాయింతురుగాక. హాజరు పిలిచినపుడు తలవంచుకొను విద్యార్థి యొక్కడైనను ఆ దినమున తలయెత్తి పలుకును.